‘ఓటీపీ ఎవ్వలకూ చెప్పలే, మరి పైసలెట్ల పోయినయ్?’: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నాది మొబైల్ సర్వీస్ షాపు. డిస్‌ప్లే పగిలిందనో, బ్యాటరీ ఉబ్బిందనో వచ్చేవాళ్ల మధ్య ఈమధ్య ఇంకో రకం వాళ్లు ఎక్కువైపోయారు. ఫోన్‌కు ఏమీ కాలేదు, ఖాతా ఖాళీ అయింది. అందరిదీ ఒకటే మాట: “అన్నా, ఒట్టు, నేను ఎవ్వలకూ ఓటీపీ చెప్పలే.” వాళ్లు అబద్ధం ఆడటం లేదు. బ్యాంకులో, ఇంట్లో ఎవరూ నమ్మడం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్న వాళ్లను చూశాను. అందుకే రాస్తున్నా.

అపోహ: ఓటీపీ చెప్పకపోతే డబ్బుకు ఢోకా లేదు.

అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచుతున్నది ఇదే. ఓటీపీని మీరు నోటితో చెప్పక్కర్లేదు, మీ ఫోనే చెప్పేస్తుంది. వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. ‘ఆర్టీఓ చలాన్’ అనో, ‘పీఎం కిసాన్’ అనో, ‘బ్యాంక్ కేవైసీ’ అనో, ఆఖరికి ‘పెళ్లి పత్రిక’ అనో పేరుంటుంది. ఆ పేరు చివర డాట్ ఏపీకే అని ఉందంటే అది పత్రికా కాదు, చలానూ కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదవడానికి ‘అలో’ నొక్కారంటే ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ అదే క్షణంలో అవతలివాడికి చేరుతుంది. యాక్సెసిబిలిటీ (చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం ఫోన్‌లో ఉండే సెట్టింగ్) కూడా ఆ యాప్‌కు ఆన్ చేశారంటే మీ స్క్రీన్ మీద ఏముందో చూడగలడు, మీ బదులు బటన్లు నొక్కగలడు.

నర్సంపేట వైపు నుంచి ఒక మిర్చి రైతు వచ్చాడు. ఎనుమాముల మార్కెట్‌లో పంట అమ్మిన పైసలు ఖాతాలో పడ్డాయి. కూలీలకు ఇద్దామని ఏటీఎంకు పోతే బ్యాలెన్స్ లేదు. “మెసేజ్ కూడ రాలే గద సారూ” అన్నాడు. ముందు సిమ్ తీసి పక్కన పెట్టాను. సెట్టింగ్స్‌లో యాప్‌ల లిస్టు తెరిస్తే, మధ్యలో పేరు లేని యాప్ ఒకటి కనిపించింది. బొమ్మ కూడా లేదు, ఎన్ని ఎంబీలో మాత్రం చూపిస్తోంది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కితే పనిచేయదు. డివైస్ అడ్మిన్‌లో, అంటే యాప్‌కు ఫోన్ మీద ప్రత్యేక అధికారం ఇచ్చే సెట్టింగ్‌లో, దాని టిక్ తీశాకే కదిలింది. మెసేజ్‌లకు డిఫాల్ట్ యాప్‌గా కూడా అదే కూర్చుంది. ఇంక బ్యాంకు మెసేజ్ ఆయన కంట ఎలా పడుతుంది?

ఆ ఫైల్ పంపింది బామ్మర్ది నంబర్. “సొంత బామ్మర్ది పంపిండు, నమ్మకుంటే ఎట్ల?” అన్నాడు. బామ్మర్ది పంపలేదు. అతని ఫోన్‌లో అప్పటికే ఆ యాప్ ఉంది, అతని పేరుతో అదే అన్ని గ్రూపులకూ పోయింది. తెలిసినవాళ్ల నంబర్ అన్నది గ్యారంటీ కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఇన్‌స్టాల్ నొక్కింది ఇంటర్ చదివే కొడుకు. తల దించుకుని షాపు బయటే నిలబడ్డాడు. అలాంటి పిల్లలను తిట్టకండి. తిడతారన్న భయంతోనే ఎంతోమంది గంటల కొద్దీ దాచిపెడుతున్నారు, ఆ గంటల్లోనే డబ్బు చేతులు మారిపోతోంది.

మద్దతు ధరకు సీసీఐ (కాటన్ కార్పొరేషన్)కి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ అనే దాని యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సిన కాలం ఇది. యాప్ అనగానే రైతు నమ్మడంలో వింత లేదు. కానీ కపాస్ కిసాన్ ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. బ్యాంకు గానీ, ప్రభుత్వ శాఖ గానీ వాట్సాప్‌లో ఏపీకే పంపి ఇన్‌స్టాల్ చేసుకోమనదు. చలాన్ ఉందేమోనని టెన్షన్ పడితే, పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో మీరే బండి నంబరు కొట్టి చూసుకోండి.

అపోహ: ఫోన్ రీసెట్ కొడితే సరిపోతుంది.

రీసెట్‌తో యాప్ పోవచ్చు, పోయిన డబ్బు రాదు. పైగా స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు, ఆ ఫైల్, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి, సిమ్ తీసి వేరే మంచి ఫోన్‌లో వేయండి, దాన్నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఆ తర్వాత బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చెప్పి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తోస్తూ పోతారు. అది ఎక్కడ ఉండగా ఫిర్యాదు అందితే అక్కడ ఆపే వీలుంటుంది. “సోమవారం బ్రాంచికి పోయి అడుగుతా” అని ఆగితే చేతికి ఏమీ మిగలదు. యూపీఐ లావాదేవీకి 12 అంకెల నంబర్ ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. ఇంకో మాట: మీరు బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని ఆర్‌బీఐ 2017 సర్క్యులర్‌లోనే రాసింది. అందుకే ఫిర్యాదు చేసిన టైము, నంబరు రాసి పెట్టుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. ‘నా ఖాతాలో ఏముంది పోవడానికి’ అనుకోకండి. మీ పేరు మీద ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఉంటే వాడు తీసుకుంటాడు, ఈఎంఐ మీరు కడతారు. పైసలు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయడం, పిన్ కొట్టడం రెండూ అక్కర్లేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్ చేశాం’ అని బెదిరిస్తే, అలాంటిది మన చట్టంలోనే లేదు, ఫోన్ పెట్టేయండి. యాంటీవైరస్ ఉన్నా, అన్ని వార్నింగులూ దాటి ‘ఇన్‌స్టాల్ ఎనీవే’ నొక్కేది మన వేలే. ‘పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అనేవాళ్లు కూడా దొంగలే.

ఈ రోజే ఇంట్లో అమ్మ, బాపు ఫోన్లు చేతిలోకి తీసుకోండి. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతకండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ ఏది ఆన్‌లో ఉన్నా ఆఫ్ చేయండి. యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మీకు తెలియని యాప్ ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడండి. అర్థం కాకపోతే ఫోన్ పట్టుకుని దగ్గర్లోని సర్వీస్ షాపుకు వెళ్లండి. నా దగ్గరికైతే ఊరికే రండి, చూసి చెప్పడానికి నేను పైసలు తీసుకోను.