పిన్ని పుట్టుమచ్చ జారలేదు

"మొహానికి ఆపరేషన్ చేయించుకుంటే నా పాత మొహం వస్తుందా, వేరే ఎవరి మొహమో వస్తుందా?" అని అడిగింది మా పిన్ని. ఆవిడకి అరవై దాటాయి. అద్దం ముందు నిలబడి, రెండు అరచేతులతో చెంపల్ని చెవుల వైపు లాగి, "ఇంతమాత్రం అయితే చాలురా" అంది. దవడ కింద వేలాడే చర్మం మాయమైన మాట నిజమే. కానీ నోరు కూడా పక్కలకి సాగింది, కళ్ళు ఏటవాలుగా లేచాయి. ఆ అద్దంలో ఉన్నది మా పిన్ని కాదు.

"పెళ్ళికి ముందు ఫోటో ఏదైనా ఉందా పిన్నీ?" అన్నాను. ట్రంకుపెట్టె అడుగునుంచి స్టూడియోలో తీయించిన ఫోటో ఒకటి తీసింది. కుడి కంటి కింద, బుగ్గ మొదట్లో పుట్టుమచ్చ. కొలవడానికి స్కేలు పనికిరాదు, ఫోటో సైజు వేరు కదా. అందుకని కంటి నల్లగుడ్డునే కొలతగా పెట్టుకున్నాను. పెద్దవాళ్ళలో దాని అడ్డుకొలత ఇంచుమించు 12 మిల్లీమీటర్లు, వయసుతో దాదాపు మారదు. పాత ఫోటోలో కింది రెప్ప అంచు నుంచి మచ్చకి రెండు నల్లగుడ్ల దూరం. ఇప్పుడు ఫోన్లో తీసిన ఫోటోలోనూ అంతే!

ఒక్క మొహం చూసి శాస్త్రం చెప్పకూడదు. అయితే అమెరికాలో వాల్ లాంబ్రోస్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఎందరివో పాత, కొత్త ఫోటోల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చూసి, 2007లో ప్రచురించాడు. కింది రెప్ప బుగ్గని కలిసే చోట మచ్చలు, ముడతలు దశాబ్దాలు గడిచినా చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. ఫలానా చోట మచ్చ ఉంటే అదృష్టమని మన ఇళ్ళల్లో చెబుతారు. దాన్నిబట్టి ఎవరి జాతకమూ తేలదు. పిల్లలకి చెప్పాల్సింది వేరే ఉంది: మచ్చ పొలంలో హద్దురాయి లాంటిది. చుట్టూ ఏం మారిందో అది చెబుతుంది.

బుగ్గ పైభాగం అంతగా జారకపోతే మరి మొహం ఎందుకు వాలినట్టు కనిపిస్తుంది? నాకు వెంటనే పాత దూది పరుపు గుర్తొచ్చింది. పైన గుడ్డ, లోపల దూది. దూది కదలకుండా దబ్బనంతో పైనుంచి కిందికి దారం గుచ్చి, అక్కడక్కడ ముడి వేస్తారు. మొహంలో గుడ్డ చర్మం, దూది కొవ్వు. దారపు ముడులు ఎముక నుంచి చర్మం దాకా వచ్చే గట్టి నార తాళ్ళు. వీటిని 1989లో ఫర్నాస్ అనే సర్జన్ వివరించాడు. దూది కూడా ఒకే ముద్ద కాదు. శవాల ముఖాల్లో రంగు ఎక్కించి రోరిక్, పెస్సా అనే సర్జన్లు 2007లో చూపించారు: కొవ్వు గదులు గదులుగా ఉంటుంది, ఒక్కో గది ఒక్కోలా మారుతుంది. కంటి కింద గది చిక్కిపోతే అక్కడ గుంట పడుతుంది. దవడ అంచున ఒక ముడి మాత్రం గట్టిగా పట్టుకునే ఉంటుంది. పైనుంచి వదులైనదంతా దాని వెనకే ఆగి సంచిలా వేలాడుతుంది. పిన్ని చేత్తో లాగింది ఆ సంచినే. పరుపు కింద మంచం కూడా అరుగుతుంది: కంటిగుంత వెడల్పవుతుంది, పైదవడ ఎముక వెనక్కి తగ్గుతుంది.

ఇప్పుడు ఆ పరుపుని బాగుచేయాలంటే పైగుడ్డ లాగి అంచులు కుడితే సరిపోతుందా? మొదట్లో అదే చేశారు. 1901లో బెర్లిన్‌లో హోలెండర్ అనే సర్జన్ చర్మం ముక్కలు కోసి తీసి కుట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చర్మాన్నే లాగారు. చర్మం సాగే గుణమున్న బట్ట. కొన్నాళ్ళకి బిగువు వదిలేస్తుంది. ఈలోగా ఆ లాగుడంతా చెవి దగ్గరి కుట్ల మీద పడి మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి సాగుతుంది.

చర్మం కింద మరో పొర ఉంది. 1974లో స్వీడన్ సర్జన్ స్కూగ్ దాన్ని చర్మంతో కలిపి ఎత్తాడు. 1976లో మిట్జ్, పేరోనీ దాన్ని వివరించి పేరు పెట్టారు. సర్జన్లు స్మాస్ అంటారు. ముఖ కండరాలతో కలిసిపోయిన నారపొర అది. బరువు మోయాల్సింది ఇదే. దాన్ని పైకి ఎత్తి బిగిస్తే చర్మాన్ని ఊరికే పరిచి, మిగిలింది కత్తిరించి, బిగువు లేకుండా కుట్టవచ్చు. 1990లో హామ్రా ఇంకా లోతుకి వెళ్ళి, తాళ్ళని విడదీసి బుగ్గని కూడా ఎత్తే పద్ధతి రాశాడు. కష్టమల్లా అక్కడే. మొహం కండరాల్ని కదిలించే ముఖనాడి చెవి కింద ఎముక నుంచి బయటికి వచ్చి, లాలాజల గ్రంథిలో ఐదు కొమ్మలుగా చీలుతుంది. గ్రంథి దాటాక కొమ్మలు స్మాస్ కిందే పరుగెడతాయి. చాలా కండరాల్లోకి అడుగువైపు నుంచే దూరతాయి. అందువల్ల కండరాల పైతలాన్ని అంటిపెట్టుకుని వెళ్తే నాడికి రక్షణ. దవడ అంచు కొమ్మ దెబ్బతింటే నవ్వు ఒకవైపు వంకర పోతుంది.

ఖాళీ అయిన గదిని లాగి నింపలేం. అక్కడ పొట్ట నుంచో తొడ నుంచో తీసిన కొవ్వుని సన్నని గొట్టంతో చిన్న చిన్న బొట్లుగా పెడతారు. కొత్త రక్తనాళాలు వచ్చేదాకా పక్క కణజాలం నుంచి ఊరే ప్రాణవాయువే దానికి దిక్కు. ముద్దగా పెడితే నడిమి కణాలు చచ్చిపోతాయి. ఆపరేషన్‌కి ముందు మొహం మీద గుర్తుగా గీతలు గీసేది కూర్చోబెట్టే, పడుకుంటే దూది వెనక్కి జారి గుంటలు దాక్కుంటాయి. బీపీ, షుగర్, రక్తం పలచబరిచే మాత్రలు, సిగరెట్ల గురించి డాక్టరు అడుగుతారు, అక్కడ నిజమే చెప్పాలి. మన చామనఛాయ చర్మానికి ఎండ ముడతలు ఆలస్యంగా వస్తాయి గానీ, కోసిన చోట నల్లబడటం, కీలాయిడ్ మచ్చ (గాయాన్ని దాటి ఉబ్బి పెరిగేది) లేవడం ఎక్కువ. కోత ఎక్కడ దాచాలన్నది అందుకే ముందే తేల్చుకోవాలి.

పిన్నికి దవడ దగ్గర ఎత్తడం వేరు, కంటి కింద నింపడం వేరని చెప్పాను. ఆవిడ ఫోటోని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. "ఎడమ కనుబొమ్మ అప్పుడే కొంచెం ఎత్తురా" అంది. నేను కూడా అప్పుడే గమనించాను. "దాన్ని మాత్రం సమానం చేయొద్దని చెప్పాలి" అని ఫోటోని రుమాల్లో చుట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే సంచిలో పెట్టుకుంది.