ఆహార గొలుసు పాఠం: మా తరగతిలో ఏటా ఎదురయ్యే అపోహలు

అపోహ: ఆహార గొలుసంటే గడ్డి, జింక, సింహం.

వాస్తవం: మన దేశంలో అడవి సింహాలు ఉన్నది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే. నల్లమలలో తిరిగేది పెద్దపులి, దాన్నీ మా పిల్లలు చూళ్లేదు. వాళ్లు రోజూ చూసేది ట్యూబ్‌లైటు దగ్గర పురుగుల్ని పట్టే బల్లిని, వరి మడిలో కప్పని, కప్ప కోసం వచ్చే పాముని. నేను పాఠం అక్కడే మొదలుపెడతాను.

అపోహ: తినే జీవి నుంచి తినబడే జీవి వైపు బాణం గీయాలి.

వాస్తవం: బాణం చూపేది ఆహారం, దాంతోపాటు శక్తి ఎటు పోతోందో. "కప్ప మిడతను తింటుంది" అనే వాక్యం వరసలోనే పిల్లలు బొమ్మ వేసేస్తారు, అందుకే తిరగబడుతుంది. బాణాన్ని "పొట్టలోకి" అని చదివిస్తే చాలు: మిడత, కప్ప పొట్టలోకి. ఆ తర్వాత తప్పులు బాగా తగ్గుతాయి.

అపోహ: పిల్లలు తప్పు గొలుసు వేస్తే వెంటనే కొట్టేసి సరైనది రాయించాలి.

వాస్తవం: నిరుడు ఐదో తరగతి పిల్ల ఒకతి "గడ్డి, గేదె, కొంగ" అని వేసింది. ఎర్ర పెన్ను తీసి మళ్లీ ఆగాను. గేదె వెనకే కొంగ తిరగడం అది రోజూ చూస్తోంది మరి. మర్నాడు అందర్నీ చెరువు గట్టుకు తీసుకెళ్లాను. పావుగంట కదలకుండా కూర్చోబెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గేదె కాలు వేసినచోట గడ్డిలోంచి మిడత ఎగిరింది, కొంగ మెడ చాచి టక్కున పట్టేసింది. "టీచర్, గేదె దానికి పని చేసిపెడుతోంది!" అంది ఆ పిల్లే. గొలుసులో గేదె పోయి మిడత వచ్చింది. ఇంతలో ఇంకొకడు, కొంగ గేదె ఒంటిమీది గోమార్లనూ పొడుచుకు తింటుందన్నాడు. అదీ నిజమే. అంటే గడ్డి, గేదె, గోమారి, కొంగ! ఆ పిల్ల వదిలేసింది ఒక్క మెట్టే. రెండు గొలుసులూ కలిపి గీశాక ఆహార జాలకం అనే మాట నేను విడిగా వివరించాల్సిన పని పడలేదు.

అపోహ: జంతువుల మీద ప్రాజెక్టంటే బొమ్మల చార్టు కొని, నెట్‌లో చూసి రాయడం.

వాస్తవం: అది చాలావరకు అమ్మానాన్నల హోంవర్కు. "పిచ్చుక గింజలు తింటుంది" అని ఒకడు అలాగే రాసుకొచ్చాడు. వాణ్ణి వరండా చూరులోని గూటి కింద అరగంట కూర్చోబెడితే, తల్లి పిచ్చుక ముక్కున పచ్చ పురుగులు మోసుకు రావడం ఏడుసార్లు లెక్కపెట్టాడు. పిల్ల పిచ్చుకలకు పెట్టేది ఎక్కువగా పురుగులే.

అపోహ: పులిలాంటి పెద్ద జంతువు పోతేనే గొలుసు తెగుతుంది.

వాస్తవం: రాబందుల గురించి ఇంట్లో తాతల్ని అడిగి రమ్మంటాను. చచ్చిన ఎద్దును ఊరి బయట వేస్తే చూస్తుండగానే ఎముకలు మిగిలేవట. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసి వాటిని చంపేసింది. పశువులకు దాని వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించింది. అప్పటికే చాలా ఊళ్లలో ఆ కళేబరాల చుట్టూ కుక్కలే చేరాయి.