ఓటుకి బదులు ఒప్పందమా? క్లౌస్ షోల్డర్ కెలికిన పాత పంచాయితీ

1933 జూలై 20న వాటికన్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి, కాన్‌కార్డాట్ అంటారు దాన్ని, అంటే ఒక దేశంలో కాథలిక్ చర్చి వ్యవహారాల మీద పోప్‌కీ ఆ దేశ ప్రభుత్వానికీ కుదిరే ఒప్పందం. హిట్లర్ తరఫున వైస్ ఛాన్సలర్ పాపెన్, పోప్ తరఫున కార్డినల్ పచెల్లి, ఈ పచెల్లే తర్వాత పోప్ పన్నెండో పయస్ అయ్యాడు. హిట్లర్ పోయాడు, నాజీ పార్టీ పోయింది, దేశం రెండు ముక్కలై మళ్ళీ ఒకటైంది, ఆ ఒప్పందం మాత్రం ఇవాళ్టికీ చెల్లుతోంది. 1957లో జర్మనీ రాజ్యాంగ కోర్టు కూడా చెల్లుతుందనే చెప్పింది, కాకపోతే స్కూళ్ళ విషయంలో రాష్ట్రాలు దానికి కట్టుబడక్కర్లేదంది.

మరి ఆ సంతకానికి చర్చి ఏం ఇచ్చుకుంది? 1977లో, నాజీల కాలంలో చర్చిల గురించి రాసిన పుస్తకం మొదటి వాల్యూమ్‌లో, ఈ ప్రశ్నని గట్టిగా అడిగినవాడు ప్రొటెస్టెంట్ చరిత్రకారుడు క్లౌస్ షోల్డర్.

షోల్డర్ 1930లో పుట్టాడు, ట్యూబింగెన్ యూనివర్సిటీలో చర్చి చరిత్ర ప్రొఫెసర్. మొదట్లో ఆయన పనిచేసింది 17వ శతాబ్దంలో బైబిల్ మీద మొదలైన విమర్శల గురించి, అంటే నాజీలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. మధ్యలో కొన్నాళ్ళు అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో ఎఫ్‌డీపీ అనే లిబరల్ పార్టీ ఆఫీసులో కూడా పని చేశాడు, పార్టీలు మూసిన తలుపుల వెనక ఎలా బేరాలాడతాయో ఆయనకి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పని లేదని నాకనిపిస్తుంది. ఆయన చేసిన అసలు తెగింపు ఏంటంటే ప్రొటెస్టెంట్లనీ కాథలిక్కులనీ ఒకే పుస్తకంలో పక్కపక్కన పెట్టి రాయడం. అప్పటిదాకా ఎక్కువగా ఎవరి చర్చి చరిత్ర వాళ్ళే రాసుకునేవాళ్ళు, ఎవరి అమరవీరులు వాళ్ళకి. మొదటి వాల్యూమ్ 1918 నుంచి 1934 దాకా నడుస్తుంది, 1934 దాకా ఉన్న కాలానికి ఆయన పెట్టిన పేరు 'భ్రమల కాలం'.

గొడవంతా 1933 మార్చి చుట్టూ తిరుగుతుంది. మార్చి 23న పార్లమెంటుని పక్కనపెట్టి చట్టాలు చేసే అధికారం హిట్లర్ అడిగాడు, దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. కాథలిక్కుల సెంటర్ పార్టీ సరేనంది, 444 ఓట్లు పడ్డాయి, వద్దన్నది సోషల్ డెమొక్రాట్లు 94 మంది మాత్రమే (కమ్యూనిస్టులు అప్పటికే జైల్లోనో పరారీలోనో ఉన్నారు). మర్నాడే సెంటర్ పార్టీ నాయకుడు లుడ్విగ్ కాస్ రోమ్‌కి బయల్దేరాడు. మార్చి 28న బిషప్‌లు నాజీల మీద అంతకుముందు పెట్టిన నిషేధాల్ని సడలించేశారు. జూలై 5న సెంటర్ పార్టీ తనని తనే రద్దు చేసుకుంది. జూలై 20న సంతకాలు. ఒప్పందంలో 32వ ఆర్టికల్ ఏమంటుందంటే ఫాదర్లు ఏ పార్టీలోనూ ఉండకూడదు, రాజకీయాలు చేయకూడదు.

తేదీలన్నీ వరసపెట్టి చూస్తే ఎవరికైనా డౌట్ వస్తుంది కదా, షోల్డర్ వాదన కూడా అదే, ఓటూ బిషప్‌ల సడలింపూ ఒప్పందమూ ఒకే బేరంలో ముక్కలు అని. కాస్ స్వయంగా ఫాదర్, చర్చి చట్టంలో పండితుడు, 1929లో ముస్సోలినీతో పోప్ చేసుకున్న ఒప్పందాన్ని మెచ్చుకుంటూ వ్యాసం కూడా రాశాడు, అందులోనూ ఫాదర్లు రాజకీయాలకి దూరంగా ఉండాలనే షరతుంది.

బాన్‌లో కాథలిక్ చరిత్రకారుడు కొన్రాడ్ రెప్గెన్ దీనికి ఒప్పుకోలేదు. కాగితం చూపించు అన్నాడు. ఒప్పందం మాట వచ్చిందే ఏప్రిల్‌లో, ఓటు నాటికి అలాంటి ఆఫర్ ఉన్నట్టు సాక్ష్యం లేదు, చర్చి చేసింది అమ్ముకోవడం కాదు ఆత్మరక్షణ అని ఆయన వాదన. పచెల్లి కూడా ఆ ఆగస్టులోనే ఒక బ్రిటిష్ దౌత్యవేత్తతో తలకి పిస్టల్ పెట్టినట్టయింది అన్నాడట. ఒక ప్రొటెస్టెంట్ వచ్చి కాథలిక్కుల లెక్కలు తీయడమేంటన్న చిరాకు కూడా ఈ గొడవ వెనక ఉంది, పైకి ఎవరూ అనకపోయినా.

కానీ షోల్డర్ తన వాళ్ళనీ వదల్లేదు. ఏప్రిల్ 1న యూదుల షాపుల్ని బాయ్‌కాట్ చేస్తే రెండు చర్చిలూ నోరెత్తలేదు, పైగా ప్రొటెస్టెంట్ పెద్ద ఒట్టో డిబేలియుస్ ఆ వారంలోనే రేడియోలో అమెరికా వాళ్ళకి ఇక్కడంతా ప్రశాంతంగా ఉందన్నట్టు చెప్పుకొచ్చాడు. జూలైలో ప్రొటెస్టెంట్ చర్చి ఎలక్షన్లు, ముందురోజు రాత్రి హిట్లరే రేడియోలో ప్రచారం చేశాడు, నాజీ అనుకూల 'జర్మన్ క్రైస్తవులు' భారీగా గెలిచారు. నవంబర్ 13న బెర్లిన్ స్పోర్ట్‌పలాస్ట్‌లో దాదాపు 20,000 మంది ముందు వాళ్ళ నాయకుడొకడు యూదులవి కాబట్టి బైబిల్లోని పాత నిబంధన పుస్తకాల్ని తీసి పారేయాలి, అవన్నీ పశువుల బేరగాళ్ళ కథలు అని అరిస్తే గానీ చాలామందికి కళ్ళు తెరుచుకోలేదు. తర్వాత హిట్లర్ జైల్లో పెట్టించిన పాస్టర్ నీమోలర్ కూడా మొదట్లో నాజీలకి ఓటేసినవాడే. 1934 మే నెలాఖరులో బార్మెన్ అనే ఊళ్ళో, వీళ్ళని వ్యతిరేకించిన ప్రొటెస్టెంట్ల నుంచి వేదాంతి కార్ల్ బార్త్ ముసాయిదాతో డిక్లరేషన్ వచ్చింది, చర్చి వినాల్సింది క్రీస్తు మాటే తప్ప వేరే ఏ నాయకుడి మాటా కాదని, కానీ అందులో కూడా యూదుల గురించి ఒక్క ముక్క లేదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం జూలై 14. ఆ రోజు హిట్లర్ క్యాబినెట్ ముందుకి కాన్‌కార్డాట్ వచ్చింది, అదే మీటింగ్‌లో వంశపారంపర్య జబ్బులున్నవాళ్ళకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చట్టం కూడా పాసైంది. కాథలిక్కులు దీన్ని ఒప్పుకోరని తెలుసు గనక రోమ్‌లో సంతకాలయ్యేదాకా దాన్ని తొక్కిపెట్టి, అయ్యాక ఆ నెల 25న ప్రకటించారు. ఒప్పందంలో అవతలి పక్షం ఎలాంటిదో సంతకం తడి ఆరకముందే తెలిసిపోయింది.

షోల్డర్ 1985లో, 55 ఏళ్ళకే పోయాడు, 1934 గురించిన రెండో వాల్యూమ్ కూడా ఆ ఏడాదే వచ్చింది. మూడోది గెర్హార్డ్ బేసియర్ రాశాడు, 2001లో. ఈ బేసియర్ మధ్యలో తూర్పు జర్మనీ చర్చిల మీద అక్కడి సీక్రెట్ పోలీసు, అంటే స్టాసీ, పెట్టిన ఫైళ్ళ మీద పడ్డాడు, చర్చి పెద్దల్లో ఎవరెవరు స్టాసీతో మాట్లాడుతూ ఉండేవాళ్ళో 90ల్లో బయటపెడితే సహజంగానే చాలామందికి కోపమొచ్చింది, మా మనుషుల్ని కాపాడుకోడానికే మాట్లాడాం అన్నారు. 1933లో వినిపించిన జవాబూ దాదాపు ఇదే.

2003 నుంచి వాటికన్ తన జర్మనీ ఫైళ్ళు తెరవడం మొదలుపెట్టింది. ఓటుకి ముందే బేరం కుదిరిందని నిరూపించే కాగితమైతే దొరకలేదు, ఆ విషయంలో రెప్గెన్‌దే పైచేయి. కాస్ ఆ ఏప్రిల్‌లో మళ్ళీ రోమ్ వెళ్ళి జర్మనీకి తిరిగి రానేలేదు, సెయింట్ పీటర్స్ చర్చి కింద పేతురు సమాధి కోసం జరిగిన తవ్వకాల బాధ్యత చూసుకుంటూ 1952లో అక్కడే పోయాడు.