691 విజయాలు, 13-0 రికార్డు: ఐస్ హాకీ గోలీల గొప్పతనం, కాలేజీ ఫుట్‌బాల్ ర్యాంకుల మీద అపోహలు - వాస్తవాలు

నవంబరు వచ్చిందంటే మిషిగన్‌లోని మా ఇంట్లో శనివారం భోజనాల దగ్గర రెండు వాదనలు తప్పవు. మా బావమరిది ఓహయో స్టేట్‌లో మాస్టర్స్ చేశాడు, నేను మిషిగన్ వైపు. కాబట్టి మొదటిది కాలేజీ ఫుట్‌బాల్ ర్యాంకుల గురించి. అది కాస్త చల్లబడగానే ఐస్ హాకీలో అందరికంటే గొప్ప గోలీ, అంటే గోల్‌కీపర్, ఎవరన్నది మొదలవుతుంది. నా ఉద్యోగం ఆటల లెక్కలే. చలికాలమంతా గోలీల మీదికి వచ్చిన షాట్లను వీడియోలో ఒక్కొక్కటే చూసి నమోదు చేస్తాను, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఫుట్‌బాల్ జట్లకు రేటింగులు కడతాను. అందుకే ఈ రెండు వాదనల్లో పదే పదే వినిపించే కొన్ని మాటల గురించి ఒకచోట రాసిపెడదామనుకున్నాను. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేది, ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. ఈ మధ్యే ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన పిల్లల కోసం ముందే చెబుతున్నాను.

అపోహ: ఎక్కువ మ్యాచ్‌లు గెలిచినవాడే గొప్ప గోలీ.

న్యూజెర్సీ గోలీ మార్టిన్ బ్రొడూర్‌వి 691 విజయాలు, 125 షటౌట్లు (ఒక్క గోలూ ఇవ్వని మ్యాచ్‌లు). రెండూ ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) రికార్డులే, ఎవరూ కాదనరు. కానీ విజయం అనేది జట్టు లెక్క. గోలీ రెండు గోల్స్ ఇచ్చినా తనవాళ్లు మూడు కొడితే అతని ఖాతాలో గెలుపు పడుతుంది, ఒక్కటే ఇచ్చి తనవాళ్లు ఏమీ కొట్టకపోతే ఓటమి పడుతుంది. పైగా గెలుపు అనే మాటకే అర్థం మారుతూ వచ్చింది. లీగ్ దశ మ్యాచ్‌ల్లో ఐదు నిమిషాల ఓవర్‌టైమ్ 1983-84లో తిరిగి వచ్చింది, 2005-06లో షూటౌట్ (ఒక్కొక్కరుగా గోలీని ఎదుర్కొని కొట్టే టైబ్రేకర్) పెట్టి డ్రాలే లేకుండా చేశారు. పాతకాలపు టెర్రీ సాచక్ కెరీర్‌లో డ్రాలే 170కి పైగా ఉన్నాయి. ఈనాటి నిబంధనలు ఆయనకు వర్తించి ఉంటే వాటిలో ఎన్ని గెలుపులయ్యేవో ఊహించుకోండి.

అలాగని బ్రొడూర్‌ని తక్కువ చేస్తే నేను ఒప్పుకోను. 82 మ్యాచ్‌ల సీజన్‌లో 70 లేదా అంతకంటే ఎక్కువ ఆడటం, అదీ 12 సీజన్లలో, మామూలు విషయం కాదు. ఇంకో సంగతి ఏ పట్టికలోనూ కనబడదు. గోలు వెనకకు వచ్చిన పక్‌ని (హాకీ ఆడే రబ్బరు బిళ్లని) ఆయనే వెళ్లి అందుకుని డిఫెన్స్‌మన్ కర్రకు నేరుగా అందించేవాడు, దాంతో అవతలివాళ్ల దాడి మొదలవకముందే ముగిసిపోయేది. జరగని షాట్‌ని ఆపినట్టు ఏ స్కోరరూ రాయడు కదా! గోలు వెనక గోలీ పక్‌ని తాకగలిగే చోటును పరిమితం చేస్తూ 2005లో లీగ్ మంచు మీద గీతలు గీసింది, దాన్ని ఇప్పటికీ బ్రొడూర్ రూల్ అనే పిలుస్తారు. ఆయన గొప్పతనం గురించి మాట్లాడాలంటే నేను 691 కంటే ముందు ఆ గీతలనే చూపిస్తాను.

అపోహ: సేవ్ పర్సెంటేజీ ఉంటే ఏ తరం గోలీనైనా ఏ తరంతోనైనా పోల్చొచ్చు.

1988లో ఎడ్మంటన్ గోలీ గ్రాంట్ ఫ్యూర్‌కి ఆ ఏడాది ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ వచ్చింది. ఆ సీజన్‌లో అతను ఆపింది వెయ్యి షాట్లకు 881. ఇవాళ ఆ అంకెతో ఎవరైనా ఉంటే జట్టులో చోటుకే కష్టం. కానీ అప్పట్లో లీగ్ సగటే దాదాపు అంత. ప్యాడ్లు చిన్నవి, గోలీలు ఎక్కువగా నిలబడే ఆపేవాళ్లు, ఆటంతా దాడే. ఆ తర్వాత పాట్రిక్ రువా వచ్చి, మోకాళ్ల మీదికి దిగి కాళ్లు రెండు పక్కలకీ పరిచి గోలు కింది భాగాన్ని మూసేసే బటర్‌ఫ్లై పద్ధతిని ఇంటింటికీ తీసుకెళ్లాడు, ప్యాడ్లు పెరిగాయి, శిక్షణ పెరిగింది, 2010ల మధ్యకి సగటు 915 దగ్గరికి చేరింది. ఈ మధ్య మళ్లీ 900కి దిగింది. 1988లో 881ని 2015లో 915తో పక్కపక్కన పెట్టడమంటే పాతికేళ్ల కిందటి జీతాన్ని ఇప్పటి జీతంతో పోల్చడమే.

అందుకని ఆ ఏడాది సగటుతో పోల్చి చూడాలి. 1998-99లో లీగ్ సగటు సుమారు 908, బఫెలో గోలీ డామినిక్ హాషెక్ 937. అంటే వెయ్యి షాట్లకు మామూలు గోలీ 92 గోల్స్ ఇస్తుంటే ఈయన 63 ఇచ్చాడు. ఆ తేడా ఒక్క ఏడాదిది కూడా కాదు, ఏళ్ల తరబడి నడిచింది. అందుకే ఉత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని 1997, 1998ల్లో వరుసగా రెండుసార్లు గెలిచాడు. దాన్ని రెండుసార్లు గెలిచిన గోలీ ఇంకెవరూ లేరు.

అపోహ: షాట్ అంటే షాటే, అన్నీ ఒకటే లెక్క.

ఇది నా రోజువారీ పని కాబట్టి కాస్త దగ్గరగా చూపిస్తాను. స్క్రీన్ మీద ఒక క్లిప్ ఆగి ఉంది. నీలి గీత దగ్గర నుంచి, అంటే గోలుకి 60 అడుగుల పైన దూరం నుంచి, ఒక డిఫెన్స్‌మన్ కొట్టాడు. గోలీకి ముందు ఎవరూ లేరు, పక్ అతని ఛాతీకి తగిలి ఆగింది. ఒక సేవ్. ఇంకో క్లిప్: ఎడమ వైపు నుంచి గోలు ముందుగా అడ్డంగా ఒక పాస్ వెళ్లింది, కుడి వైపున ఉన్నవాడు పక్‌ని ఆపకుండానే కొట్టాడు. ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుపుతూ చూస్తే, పాస్ కదిలినప్పుడు గోలీ ఎడమ స్తంభాన్ని అంటుకుని ఉన్నాడు, షాట్ వచ్చేసరికి ఆరడుగుల వెడల్పున్న గోలును దాటుకుంటూ జారుతున్నాడు, పక్ అతని కాలి ప్యాడ్ చివర బొటనవేలి దగ్గర తగిలి పక్కకు పోయింది. ఇదీ ఒక సేవే. అధికారిక లెక్కలో రెండిటికీ తేడా లేదు. స్తంభానికి తగిలి బయటికి పోయిన పక్ అయితే గోలు మీద షాట్‌గా కూడా లెక్కకు రాదు, గోలీ పూర్తిగా ఓడిపోయినా సరే!

అందుకే మేం ప్రతి షాట్‌కీ దూరం, కోణం, దానికి ముందు ఏం జరిగింది, గోలీ ముందు ఎవరైనా అడ్డు ఉన్నారా అన్నవి రాసుకుని, అలాంటి షాట్ సగటున ఎన్నిసార్లు గోల్ అవుతుందో అంచనా వేస్తాం. ఆ అంచనా కంటే గోలీ ఎన్ని తక్కువ ఇచ్చాడన్నదే అసలు లెక్క. ఇందులోనూ మనిషి చేయి ఉంది. ముందు ఎవరో అడ్డు ఉన్నారని నేను రాసినదాన్ని నా పక్క సీటు అమ్మాయి లేరని రాస్తుంది, ఇద్దరం మళ్లీ కూర్చుని చూస్తాం. అరీనాలో కూర్చుని షాట్లు లెక్కపెట్టే స్కోరర్ల మధ్యా ఇదే తేడా. కొన్ని ఊళ్లలో ఎక్కువ రాస్తారు, కొన్ని ఊళ్లలో తక్కువ రాస్తారు. బ్రొడూర్ ఆడిన న్యూజెర్సీ సొంత అరీనాలో తక్కువ రాసేవారన్నది మా రంగంలో పాత వాదన. అది నిజమైతే ఆయన సేవ్ పర్సెంటేజీ ఆయన ఆటకంటే తక్కువగా కనిపిస్తున్నట్టే.

అపోహ: ప్లాంట్‌కి 7 వెజినాలు, హాషెక్‌కి 6. కాబట్టి ప్లాంటే గొప్ప.

జాక్ ప్లాంట్ గొప్పవాడే, అందులో సందేహం లేదు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ముఖం పగిలి, కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకుని తిరిగొచ్చి గోలీల జీవితాన్నే మార్చేశాడు. కానీ ఆయన కాలంలో వెజినా అంటే తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోలీకి దానంతట అదే వచ్చేది. 1981-82 నుంచే అది జనరల్ మేనేజర్ల ఓటుతో ఇచ్చే అవార్డయింది. పేరొకటే గానీ అవి రెండు వేర్వేరు బహుమతులు.

అపోహ: ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడకపోతే లెక్కలోకి రాడు.

సోవియట్ గోలీ వ్లదిస్లావ్ ట్రెట్యాక్ ఒక్క ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ కూడా ఆడలేదు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చాడు, 1989లో టొరంటోలోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. హాషెక్‌ని 1983లో ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 199వ స్థానంలో ఎంపిక చేసుకున్నారు, కానీ చెకొస్లొవేకియా నుంచి అతను వచ్చింది 1990లో. మొదటి వెజినా వచ్చేటప్పటికి 29 ఏళ్లు. కెరీర్ మొత్తం అంకెల్లో అతను వెనకబడి కనిపించడానికి ఆ దేశ సరిహద్దులు కూడా కారణం.

ఇక ఫుట్‌బాల్.

అపోహ: జాతీయ ఛాంపియన్ ఎవరో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) ప్రకటిస్తుంది.

పై స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ నిర్వహించదు. 1936 నుంచి విలేఖరుల ఏపీ పోల్, 1950 నుంచి కోచ్‌ల పోల్, 1998 నుంచి 2013 సీజన్ దాకా పోల్స్‌ని, కంప్యూటర్ ర్యాంకుల్ని కలిపి ఫైనల్ జట్లను తేల్చిన బీసీఎస్, 2014 నుంచి ఒక కమిటీ ఎంచిన జట్లు ఆడే ప్లేఆఫ్. ఈ మొత్తం కథలో ఎవరో ఒకరి అభిప్రాయం ఎప్పుడూ ఉంది. 1997లో విలేఖరులు మిషిగన్‌ని, కోచ్‌లు నెబ్రాస్కాని ఛాంపియన్ అన్నారు, రెండు జట్లూ ఎదురుపడనే లేదు.

అపోహ: వాళ్లు వీళ్లని ఓడించారు, వీళ్లు అవతలివాళ్లని ఓడించారు, కాబట్టి వరుస తేలిపోయినట్టే.

2017 సీజన్ చూడండి. ఆబర్న్ అలబామాను ఓడించింది. అలబామా ఫైనల్లో జార్జియాను ఓడించింది. జార్జియా అంతకుముందే తమ కాన్ఫరెన్స్ (కొన్ని జట్ల కూటమి) ఫైనల్లో ఆబర్న్‌ని ఓడించింది. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం. ఆ ఆబర్న్‌నే సెంట్రల్ ఫ్లోరిడా పీచ్ బౌల్‌లో (సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్) 34-27తో ఓడించి, 13 గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా 13-0తో సీజన్ ముగించి, ఛాంపియన్లం మేమే అని ప్రకటించుకుంది. దీన్ని కసితో చేసిన పని అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను అలా అనను, వాళ్లకు గెలవడానికి ఇంకో మ్యాచ్ ఎవరూ ఇవ్వలేదు. 130కి పైగా జట్లు, ఒక్కోదానికి 12 మ్యాచ్‌లు. సాధ్యమైన జోడీలు 8 వేలు దాటితే నిజంగా జరిగే మ్యాచ్‌లు 800 దగ్గర. పదింట తొమ్మిది ప్రశ్నలకు మైదానంలో జవాబు దొరకదు. క్రికెట్ లీగ్ పట్టిక చూసే అలవాటుతో వచ్చేవాళ్లకు ఇది ఎక్కడం కష్టం. అక్కడ ప్రతి జట్టూ దాదాపు అందరితో ఆడుతుంది, ఇక్కడ ఆడదు.

అపోహ: కంప్యూటర్‌కి పక్షపాతం ఉండదు.

కంప్యూటర్ తనకు చెప్పిందే చేస్తుంది. బీసీఎస్ వాడిన కాలీ పద్ధతినే తీసుకోండి. సీజన్ మొదట్లో ప్రతి జట్టుకూ సగం మార్కు. ఆ తర్వాత గెలుపులకు ఒకటి కలిపి, దాన్ని మ్యాచ్‌లకు రెండు కలిపిన సంఖ్యతో భాగించాలి. ఒక్కటి ఆడి గెలిస్తే మూడింట రెండు, 13-0 అయితే పదిహేనింట పద్నాలుగు. దాని మీద ప్రత్యర్థుల బలాన్ని బట్టి సర్దుబాటు. ఎంత తేడాతో గెలిచారన్నది అందులో లేనే లేదు. 2017 చివర్లో సెంట్రల్ ఫ్లోరిడాని మొదటి స్థానంలో పెట్టింది ఈ పద్ధతే. నేను కట్టే రేటింగులో గెలుపు తేడా ఉంటుంది, కానీ ఒక హద్దు దాటాక పట్టించుకోను. ఎందుకంటే ఆట తేలిపోయాక చివర్లో కొట్టే టచ్‌డౌన్లు బలం గురించి పెద్దగా చెప్పవు. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నది నా నిర్ణయం. దాన్ని ఇంకాస్త పైకి జరిపితే జట్ల స్థానాలు మారతాయి, ఆ సంగతి నేను ప్రతి నివేదికలోనూ రాస్తాను.

అపోహ: సీజన్‌కి ముందు ఇచ్చే ర్యాంకులకు విలువ లేదు.

2004 సీజన్‌కి ముందు ర్యాంకులు: సదరన్ కాలిఫోర్నియా 1, ఓక్లహోమా 2, ఆబర్న్ 17. అక్కడి నుంచి మొదలైంది. ఫైనల్ ముందు దాకా మూడూ ఓడలేదు. ఫైనల్‌కి వెళ్లింది మొదటి రెండే. అంతే చెప్పగలను.

అపోహ: ఓడకపోతే చోటు గ్యారంటీ.

2023లో ఫ్లోరిడా స్టేట్ 13-0, కాన్ఫరెన్స్ ఛాంపియన్. అయినా నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటివ్వలేదు. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరగడంతో జట్టు మునుపటిలా లేదని 13 మంది కమిటీ భావించింది. మరి 2014లో ఓహయో స్టేట్ మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌తో విస్కాన్సిన్‌ని 59-0తో కొడితే, అదే కమిటీ వాళ్లని నాలుగో జట్టుగా తీసుకుంది, వాళ్లు కప్పు గెలిచారు. ఒక ఏడాది మైదానంలో చూసినదానికి విలువిచ్చి, ఇంకో ఏడాది సీజనంతా గెలిచినదానికి విలువ తగ్గించారు. ఆ కుర్రాళ్లు 13 వారాలు చేయాల్సిందల్లా చేశారు, వాళ్ల తప్పేముంది? ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ప్రకటన వింటుంటే నాకు నిజంగా బాధేసింది, ఇప్పటికీ అది అన్యాయమనే అంటాను. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడారు కదా అంటారు, కానీ ఆ మ్యాచ్‌కి వాళ్ల ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామంది దిగనే లేదు.

అసలు చిక్కు ఏమిటంటే మనం రెండు ప్రశ్నల్ని ఒకటిగా అడుగుతున్నాం. ఎవరి సీజన్ గొప్పది? రేపు ఆడితే ఎవరు గెలుస్తారు? 2024లో ప్లేఆఫ్ 12 జట్లకు పెరిగింది. ఓహయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడి, 8వ సీడ్‌గా వచ్చి, అప్పటిదాకా 13-0తో మొదటి స్థానంలో ఉన్న ఓరెగన్‌ని 41-21తో కొట్టి, చివరికి నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి కప్పు తీసుకుంది. డిసెంబరు దాకా సీజన్ ఓరెగన్‌ది, జనవరిలో బలం ఓహయో స్టేట్‌ది. గోలీల్లోనూ నా జవాబు ఇలాగే రెండుగా ఉంటుంది. ఇరవై ఏళ్ల పాటు జట్టుకి ఒక్క గోలీని ఎంచుకోమంటే బ్రొడూర్. ఒక్క రాత్రికి, ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌కి అయితే హాషెక్. 1998 నగానో ఒలింపిక్ సెమీఫైనల్లో కెనడా షూటౌట్‌లో ఐదుగురిని పంపింది, ఒక్కరూ గోల్ కొట్టలేకపోయారు. ఫైనల్లో రష్యాకి ఒక్క గోలూ ఇవ్వలేదు.

"ఇవన్నీ సరే బావా, 2024 సీజన్ కప్పు ఎవరింటికి వెళ్లింది?" అంటాడు మా బావమరిది. వాళ్లింటికే వెళ్లింది. ఆ నవంబరు చివరి శనివారం ఓహయో స్టేట్ సొంత ఊరు కొలంబస్‌లో స్కోరు మాత్రం 13-10, గెలిచింది మిషిగన్.