అమెరికాలో తుపాకీ హక్కు: 1791 నాటి సవరణ, 2008 నాటి తీర్పు

అమెరికా రాజ్యాంగానికి రెండో సవరణ 1791 డిసెంబరు 15న ఆమోదం పొందింది. ఆ సవరణ ప్రకారం, పౌరసేనతో (మామూలు పౌరులతో ఏర్పడే రక్షణ దళంతో) ఏ సంబంధమూ లేని మామూలు మనిషికి కూడా ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకునే హక్కు ఉందని ఆ దేశ సుప్రీంకోర్టు మొట్టమొదటిసారిగా తేల్చి చెప్పింది మాత్రం 2008 జూన్ 26న. మధ్యలో గడిచిన 216 ఏళ్లలో సవరణలో ఒక్క అక్షరమూ మారలేదు. హత్యలు, ఎన్నికలు, ఒక సంఘంలో తలెత్తిన తిరుగుబాటు, న్యాయమూర్తుల నియామకాలు కలిసి దాని అర్థాన్ని మార్చాయి. అక్కడి కోర్టుల్లో నేడు నడుస్తున్న తుపాకీ వ్యాజ్యాలు అర్థం కావాలంటే ఈ చరిత్ర తెలియాలి.

స్వేచ్ఛాయుత రాజ్యపు భద్రతకు క్రమబద్ధమైన పౌరసేన అవసరం కనుక, ఆయుధాలు కలిగి ఉండేందుకు, ధరించేందుకు ప్రజలకు గల హక్కుకు భంగం కలిగించరాదని రెండో సవరణ చెబుతుంది. కొత్తగా ఏర్పడిన కేంద్ర ప్రభుత్వం పెద్ద సైన్యాన్ని పోషించి రాష్ట్రాలను అణచివేస్తుందేమోనన్న భయం ఆనాటి నాయకుల్లో బలంగా ఉండేది. నియంత్రణ కోరేవారు ఈ సవరణలోని మొదటి సగాన్ని పట్టుకుంటారు, హక్కు కోరేవారు రెండో సగాన్ని పట్టుకుంటారు. అయితే తుపాకుల మీద ఆంక్షలు ఆ కాలంలోనూ ఉన్నాయి. గుండు దట్టించిన తుపాకీని ఇంట్లోకి తీసుకురావడాన్ని నిషేధిస్తూ బోస్టన్ నగరానికి 1783లో చట్టం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో కెంటకీ వంటి రాష్ట్రాలు ఆయుధాలను దుస్తుల్లో దాచుకుని తిరగడాన్ని నిషేధించాయి. అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో 1881లో జరిగిన ప్రసిద్ధ కాల్పుల ఘటనకు కూడా, పట్టణంలో ఆయుధాలు ధరించరాదన్న స్థానిక నిబంధనను అమలు చేసే ప్రయత్నమే తక్షణ కారణం.

ఈ చరిత్రలో జాతి వివక్ష పాత్రను విస్మరించడానికి వీల్లేదు. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం నల్లజాతివారు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోరాదని చట్టం చేసింది. 1873లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో తెల్లజాతి మూకలు పెద్ద సంఖ్యలో నల్లజాతివారిని ఊచకోత కోశాయి. దీనిపై వచ్చిన క్రూక్‌షాంక్ కేసులో 1876లో తీర్పునిస్తూ, రెండో సవరణ కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తుందని, ప్రైవేటు వ్యక్తుల దౌర్జన్యానికి అది వర్తించదని సుప్రీంకోర్టు పేర్కొంది. ఆయుధం అత్యవసరమైన వారికే ఆ హక్కు అందకుండా పోయిందన్న వాదనను తుపాకీ హక్కుల పక్షం ఈనాటికీ వినిపిస్తుంది. అందులో నిజముంది.

ఇరవయ్యో శతాబ్దంలో మొదటి పెద్ద కేంద్ర చట్టం 1934లో వచ్చింది. మద్యనిషేధ కాలపు ముఠాల కాల్పులు, ముఖ్యంగా 1929లో షికాగోలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చిన ఘటన, 1933లో అధ్యక్షుడిగా ఎన్నికైన రూజ్‌వెల్ట్ మీద జరిగిన హత్యాయత్నం దానికి నేపథ్యం. మెషిన్‌గన్లు, గొట్టం కోసి పొట్టి చేసిన షాట్‌గన్లు, సైలెన్సర్ల బదిలీపై 200 డాలర్ల పన్ను విధించారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆ బిల్లుపై విచారణలో, తుపాకీ యజమానుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్, విచ్చలవిడిగా తుపాకులు పట్టుకుని తిరగడాన్ని తాను సమర్థించనని, దాన్ని గట్టిగా నియంత్రించి లైసెన్సు ఉన్నవారికే అనుమతించాలని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కమిటీ ముందు చెప్పారు. రాజ్యాంగపరమైన అభ్యంతరం గురించి అడిగితే, ఆ కోణంలో తాను అధ్యయనం చేయలేదన్నారు. నేటి ఆ సంఘం నోట అలాంటి మాటను ఊహించడం కూడా కష్టం.

ఆ చట్టాన్ని సవాలు చేసిన మిల్లర్ కేసు 1939లో సుప్రీంకోర్టుకు చేరింది. నిందితుల తరఫున వాదించడానికి ఎవరూ రాలేదు. పొట్టి షాట్‌గన్‌కు పౌరసేన నిర్వహణతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదంటూ కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఒక పక్షం వాదనే వినిపించని ఈ కేసులోని క్లుప్తమైన తీర్పు మీదే దాదాపు డెబ్బై ఏళ్లపాటు దిగువ కోర్టులు ఆధారపడి, రెండో సవరణను పౌరసేనకు సంబంధించిన హక్కుగా చదివాయి.

1963లో అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిల్‌ను హంతకుడు ఓస్వాల్డ్ దొంగపేరుతో పోస్టు ద్వారా తెప్పించుకున్నాడు. దాని ప్రకటన రైఫిల్ అసోసియేషన్ సొంత పత్రికలోనే వచ్చింది. అయినా చట్టం రావడానికి ఐదేళ్లు పట్టింది. ఈలోగా 1967 మేలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్తలు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి ప్రవేశించారు. బహిరంగంగా గుండు నింపిన తుపాకీ పట్టుకు తిరగడాన్ని నిషేధించే బిల్లుపై అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్ ఆ ఏడాదే సంతకం చేశారు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యల తరువాత, పోస్టు ద్వారా తుపాకుల అంతర్‌రాష్ట్ర అమ్మకాలను ఆపి, నేరస్థులకు తుపాకులు నిషేధించే చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. తుపాకుల నమోదు, యజమానులకు లైసెన్సు అనే రెండు ప్రధాన అంశాలను కాంగ్రెస్ తొలగించిందని ఆయన అదే సభలో బాధపడ్డారు.

అసలు మలుపు 1977 మేలో సిన్సినాటీ నగరంలో వచ్చింది. అంతర్యుద్ధంలో పోరాడిన సైనికాధికారులు గురితప్పని కాల్పులు నేర్పడానికి 1871లో స్థాపించిన రైఫిల్ అసోసియేషన్, తన కేంద్ర కార్యాలయాన్ని రాజధాని నుంచి కొలరాడోకు మార్చి, వేట, క్రీడల మీద దృష్టి పెట్టాలని ఆలోచిస్తోంది. వార్షిక సమావేశానికి నారింజ రంగు టోపీలు పెట్టుకుని వచ్చిన అసమ్మతి సభ్యులు, సంఘ నియమావళినే ఆసరాగా చేసుకుని తీర్మానం మీద తీర్మానం పెడుతూ తెల్లవారుజాము వరకు సభను నడిపించి, పాత నాయకత్వాన్ని దించేశారు. సరిహద్దు గస్తీ దళానికి గతంలో అధిపతిగా పనిచేసిన హార్లన్ కార్టర్ పగ్గాలు చేపట్టారు. మూడేళ్ల తరువాత ఆ సంఘం తొలిసారిగా ఒక అధ్యక్ష అభ్యర్థికి మద్దతు ప్రకటించింది. ఆ అభ్యర్థి రీగన్. 1982లో ఆరిన్ హ్యాచ్ నేతృత్వంలోని సెనేట్ ఉపసంఘం, ఆయుధ హక్కు వ్యక్తిగత హక్కేనని నివేదిక ఇచ్చింది. నిక్సన్ నియమించిన మాజీ ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ 1991లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, రెండో సవరణ పేరిట జరుగుతున్న ప్రచారం అమెరికా ప్రజల మీద స్వార్థ వర్గాలు చేసిన పెద్ద మోసమని తీవ్రంగా విమర్శించారు. పదిహేడేళ్లకు సుప్రీంకోర్టు మెజారిటీ ఆ ప్రచారం వైపే నిలిచింది.

1986లో వచ్చిన చట్టం కొత్త మెషిన్‌గన్లను పౌరులకు నిషేధిస్తూనే, తుపాకీ యజమానుల కేంద్ర జాబితా తయారు చేయరాదని ప్రభుత్వం చేతులు కట్టేసింది. దాని ఫలితం వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఏటీఎఫ్ (తుపాకీ చట్టాలను అమలు చేసే కేంద్ర సంస్థ) నడిపే కేంద్రంలో కళ్లకు కడుతుంది. హత్య జరిగిన చోట దొరికిన తుపాకీ ఎవరిదో తెలియాలంటే అక్కడి సిబ్బంది దాని మీది సీరియల్ నంబరుతో ముందు తయారీదారును, తరువాత టోకు వ్యాపారిని, ఆ తరువాత చిల్లర దుకాణాన్ని వరుసగా సంప్రదించాలి. దుకాణం మూతపడి ఉంటే దాని కాగితాలు పెట్టెల్లో ఈ కేంద్రానికే వస్తాయి. భవనంలో చోటు చాలక వాటిని షిప్పింగ్ కంటైనర్లలోనూ దాచారు. కాగితాలను స్కాన్ చేస్తారు గాని, కొనుగోలుదారు పేరుతో వెతికే వీలు ఉండకూడదు. ఒక్కో పేజీని కంటితో చూసుకుంటూ పోవాలి.

1981లో రీగన్ మీద జరిగిన కాల్పుల్లో తీవ్రంగా గాయపడిన ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ పేరిట 1993లో తుపాకీ కొనేవారి నేపథ్యాన్ని ముందే తనిఖీ చేయాలన్న చట్టం వచ్చింది. తనిఖీ పనిని స్థానిక షెరీఫ్‌ల మీద కేంద్రం రుద్దజాలదని 1997లో సుప్రీంకోర్టు కొంత భాగాన్ని కొట్టివేసింది. 1998 నుంచి ఎఫ్‌బీఐ వ్యవస్థ ద్వారా ఈ తనిఖీ జరుగుతోంది. లైసెన్సు లేని ప్రైవేటు అమ్మకందారుకు కేంద్ర చట్టం కింద ఆ బాధ్యత లేదు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణదారు తుపాకీ ఇచ్చేయవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపిన యువకుడి చేతికి తుపాకీ అలాగే చేరింది. 1994లో సైనిక తరహా రైఫిళ్ల మీద, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ల మీద పదేళ్ల నిషేధం వచ్చింది. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో డెమొక్రాట్లు ప్రతినిధుల సభను నలభై ఏళ్ల తరువాత కోల్పోయారు. ఆ ఓటమి భయం పార్టీని చాలాకాలం వెంటాడింది. 2004 సెప్టెంబరులో నిషేధం గడువు ముగిసినప్పుడు కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు.

ఈ చర్చ తెలుగు ఇళ్లకు దూరమైనది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథ్‌లో జాతి ద్వేషంతో జరిగిన కాల్పుల్లో ఒక తెలుగు ఇంజినీరు మరణించారు. 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో బలైన ఎనిమిది మందిలో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరు ఒకరు. విద్యార్థి వీసా, హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ కలిగి ఉండడం 1998 నుంచి కేంద్ర నేరం. అక్కడికి పిల్లలను పంపే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

2008 నాటి హెల్లర్ కేసు, వాషింగ్టన్ నగరం 1976లో చేతి తుపాకుల మీద విధించిన నిషేధానికి సంబంధించినది. ఒక కేంద్ర భవనానికి తుపాకీతో కాపలా కాసే డిక్ హెల్లర్‌కు, డ్యూటీ ముగిశాక ఇంట్లో తుపాకీ ఉంచుకునే అనుమతి లేదు. అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు చీలిన తీర్పులో జస్టిస్ స్కాలియా నిషేధాన్ని కొట్టివేస్తూనే, ఈ హక్కు అపరిమితం కాదని, నేరస్థులపై నిషేధాలు, పాఠశాలల వంటి సున్నిత ప్రదేశాల్లో ఆంక్షలు చెల్లుతాయని రాశారు. రాజ్యాంగ నిర్మాతలు ఆత్మరక్షణ హక్కును ఈ సవరణలో పొందుపరిచే ఉద్దేశంతో ఉన్నట్టు ఆధారమేదీ లేదని జస్టిస్ స్టీవెన్స్ విభేదించారు. 2010లో మెక్‌డొనాల్డ్ కేసుతో ఈ హక్కు రాష్ట్రాలకు, నగరాలకు కూడా వర్తించింది.

2012 డిసెంబరులో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు హతమయ్యారు. తనిఖీలను విస్తరించే సవరణకు నాలుగు నెలల తరువాత సెనేట్‌లో 54 ఓట్లు పడ్డాయి. కావలసినవి 60. అప్పటినుంచి పోరు రాష్ట్రాలకు మళ్లింది. మేరీలాండ్, న్యూయార్క్ వంటివి నిబంధనలు బిగిస్తే, నేడు సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తుపాకీ దాచుకుని తిరగవచ్చు.

2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. నెల తిరగకముందే, జూన్ 23న, బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో న్యూయార్క్ రాష్ట్రపు శతాబ్దం నాటి, ప్రత్యేక కారణం చూపితేనే బయట తుపాకీ దాచుకుని తిరగనిచ్చే లైసెన్సు నిబంధనను కొట్టివేసింది. జస్టిస్ థామస్ తీర్పు ప్రకారం, ఏ ఆంక్షకైనా దేశ చరిత్రలో పూర్వ సంప్రదాయం ఉందని ప్రభుత్వమే చూపాలి. ప్రజల భద్రతకు అది ఎంత మేలు చేస్తుందన్నది లెక్కలోకి రాదు. 2020లో తుపాకుల వల్ల 45,222 మంది మరణించారన్న వాక్యంతో జస్టిస్ బ్రయర్ తన అసమ్మతిని మొదలుపెట్టారు. మరో రెండు రోజులకు, దాదాపు మూడు దశాబ్దాల తరువాత మొదటి చెప్పుకోదగ్గ కేంద్ర చట్టంపై బైడెన్ సంతకం చేశారు.

ఈ చారిత్రక పరీక్ష ఎంత దూరం పోగలదో రహీమీ కేసు చూపింది. గృహహింస కారణంగా కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవారికి తుపాకీ నిషేధించే 1994 నాటి చట్టానికి పూర్వ సంప్రదాయం లేదని 2023లో అయిదో సర్క్యూట్ కోర్టు (సుప్రీంకోర్టుకు దిగువన ఉండే కేంద్ర అప్పీళ్ల కోర్టు) కొట్టివేసింది. భార్యను కొట్టడాన్ని నేరంగానే చూడని కాలంలో అలాంటి చట్టం కోసం వెతకడం ఎంత అన్యాయమో ఆ కోర్టు ఆలోచించలేదు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని సరిదిద్దుతూ, అచ్చం అలాంటి పాత చట్టమే ఉండనక్కర్లేదని, మూలసూత్రం కలిస్తే చాలని చెప్పింది. ఒంటరిగా విభేదించింది బ్రూయెన్ తీర్పు రాసిన జస్టిస్ థామస్. మూలసూత్రం కలిసిందో లేదో తేల్చడం మళ్లీ ఆయా న్యాయమూర్తుల విచక్షణకే మిగిలింది.

ఇక తేలవలసిన ప్రధాన ప్రశ్న ఏఆర్-15 వంటి సైనిక తరహా రైఫిళ్లది. మేరీలాండ్ నిషేధంపై వచ్చిన అప్పీలును 2025 జూన్ 2న సుప్రీంకోర్టు స్వీకరించలేదు. ముగ్గురు న్యాయమూర్తులు స్వీకరించాలన్నారు. ఒకటి రెండు టర్ముల్లోనే (కోర్టు వార్షిక కాలాల్లోనే) కోర్టు ఈ విషయం తేల్చాలని జస్టిస్ కావనా విడిగా రాస్తూ, ప్రజల వద్ద ఇలాంటి రైఫిళ్లు 2 నుంచి 3 కోట్ల వరకు ఉన్నాయన్న అంచనాను ఉటంకించారు. ఆ అంకెకు చట్టపరమైన బరువు ఉంది. సాధారణ వాడుకలో ఉన్న ఆయుధానికి రక్షణ ఉంటుందని హెల్లర్ తీర్పు అన్నది. 2004లో కాంగ్రెస్ నిషేధాన్ని పొడిగించక వదిలేసిన తరువాత జోరందుకున్న అమ్మకాలే, ఇప్పుడు ఏ రాష్ట్రమూ ఆ రైఫిల్‌ను నిషేధించజాలదన్న వాదనకు ప్రధాన ఆధారమయ్యాయి.