రెండు గిట్‌హబ్ అకౌంట్లు, ఒకే ల్యాప్‌టాప్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి మా టీముకి వచ్చే పిల్లల్లో చాలామందికి చదువుకునే రోజుల గిట్‌హబ్ (కోడ్ దాచుకుని పంచుకునే సైటు) అకౌంట్ ఒకటుంటుంది. కంపెనీది ఇంకొకటి. బయట ప్రాజెక్టులు చేసేవాళ్లకి అలాంటి సైట్లే అయిన గిట్‌ల్యాబో బిట్‌బకెట్టో కూడా. అన్నీ ఒకే కోడ్ ఎడిటర్‌లో కలిపేసరికి మొదలవుతుంది గందరగోళం.

అపోహ: ఎడిటర్‌లో అకౌంట్ మారిస్తే కమిట్ (కోడ్‌లో చేసిన మార్పుల నమోదు) మీద పేరు కూడా మారుతుంది.

వాస్తవం: అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. లాగిన్ తేల్చేది పుష్ చేసే (కోడ్‌ని సైటుకి పంపే) హక్కు మీకుందా లేదా అన్నది మాత్రమే. కమిట్ మీద పడే పేరు, ఈమెయిల్ గిట్ కాన్ఫిగ్‌లోంచి, అంటే కోడ్ మార్పులు నమోదు చేసే గిట్ అనే ప్రోగ్రామ్ సెట్టింగుల్లోంచి వస్తాయి. అందుకే ఆఫీసు రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) సొంత జీమెయిల్ కనిపిస్తుంది. ఆ ఈమెయిల్ ఏ అకౌంట్‌దైతే, గిట్‌హబ్ ఆ కమిట్‌ని ఆ ప్రొఫైల్‌కే కలుపుతుంది. ఆఫీసు పనికి ఒక ఫోల్డరు, సొంత పనికి ఒక ఫోల్డరు పెట్టుకోండి. గిట్ 2.13లో, అంటే 2017లో వచ్చిన ఇంక్లూడ్‌ఇఫ్ అనే సెట్టింగ్‌తో ఏ ఫోల్డరుకి ఏ ఈమెయిలో ఒక్కసారి రాసేస్తే సరిపోతుంది. కొత్త రిపోలో తొలి కమిట్‌కి ముందు 'గిట్ కాన్ఫిగ్ యూజర్.ఈమెయిల్' కొట్టి చూడండి. పుష్ అయ్యాక సరిచేయాలంటే హిస్టరీనే తిరగరాయాలి, దాంతో టీము మొత్తానికి ఇబ్బంది.

అపోహ: ఒకే ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు మిమ్మల్ని గుర్తుపట్టడానికి వాడే ఫైలు) రెండు అకౌంట్లలోనూ పెట్టొచ్చు.

వాస్తవం: గిట్‌హబ్ ఒప్పుకోదు. ఎస్ఎస్‌హెచ్‌లో అందరి యూజర్‌నేమూ 'గిట్' అనే ఉంటుంది కాబట్టి, వచ్చింది ఎవరో కీని బట్టే గుర్తుపట్టాలి. అకౌంట్‌కో కీ చేసుకుని, ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో వేర్వేరు హోస్ట్ పేర్లిచ్చి, 'ఐడెంటిటీస్ఓన్లీ యెస్' రాయండి. ఆ ఒక్క లైను లేకపోతే కీలని గుర్తుంచుకునే ఏజెంట్ ప్రోగ్రామ్ ముందుగా దొరికిన కీ చూపిస్తుంది, కళ్లముందున్న రిపో 'నాట్ ఫౌండ్' అంటుంది. పర్మిషన్లు ఇవ్వలేదని లీడ్‌ని అడిగేముందు 'ఎస్ఎస్‌హెచ్ -టీ' పెట్టి హోస్ట్ పేరుతో పరీక్షించండి, ఏ అకౌంట్‌గా లోపలికి వెళ్లారో పేరు పెట్టి చెబుతుంది.

అపోహ: ఎస్ఎస్‌హెచ్ బదులు హెచ్‌టీటీపీఎస్ లింకు వాడితే పాస్‌వర్డ్ చాలు.

వాస్తవం: గిట్‌హబ్‌లో 2021 ఆగస్టు 13తో ఆ పద్ధతి ఆగిపోయింది. పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే టోకెన్ ఉండాలి.

అపోహ: ఉద్యోగంలో చేరితే కొత్త అకౌంట్ తీయాల్సిందే.

వాస్తవం: ఉచిత అకౌంట్ మనిషికి ఒకటే అన్నది గిట్‌హబ్ నియమం. అదే అకౌంట్‌తో ఎన్ని ఆర్గనైజేషన్లలోనైనా (గిట్‌హబ్‌లో కంపెనీల, టీముల ఉమ్మడి అకౌంట్లలో) ఉండొచ్చు, ఆర్గనైజేషన్‌ని బట్టి నోటిఫికేషన్లు వేరే మెయిల్‌కి పంపుకోవచ్చు. కంపెనీయే అకౌంట్ తీసిస్తే మాత్రం అది కంపెనీ సొత్తు, సొంత కోడ్ అందులో పెట్టకండి. కాలేజీ మెయిల్‌తో తీసిన అకౌంట్ అయితే, ఆ మెయిల్ ఆగిపోకముందే సొంత మెయిల్ కూడా జతచేయండి.

అపోహ: ఎడిటర్‌లో సైన్ అవుట్ కొడితే కనెక్షన్ తెగినట్టే.

వాస్తవం: ఎడిటర్‌కి మీరిచ్చిన అనుమతి గిట్‌హబ్ వైపు అలాగే ఉండిపోవచ్చు. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్‌కి వెళ్లి రివోక్ (రద్దు) చేయాలి. పాత ఎస్ఎస్‌హెచ్ కీలు, టోకెన్లు విడిగా తీసేయాలి. విండోస్‌లో సేవ్ అయిన లాగిన్లు ఉండే క్రెడెన్షియల్ మేనేజర్ కూడా తెరిచి చూడండి. ల్యాప్‌టాప్ ఆఫీసుకి అప్పగించే ముందురోజే ఈ పని పూర్తిచేయండి.