నువ్వుగింజ దొరికితే అబ్బాయి, మరి దొరక్కపోతే?

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది, ఇంకా మూడో నెలే, పోయిన వారం ఫోన్ చేసి మళ్ళీ అబ్బాయే అని చెప్పేసింది. స్కానింగ్ కాదు, చేతికి సూది గుచ్చి రక్తం తీసుకుని చెప్పారంట. మా అక్క నన్ను పట్టుకుంది, "రక్తం దానిది కదరా, కడుపులో బిడ్డ సంగతి అందులో ఎట్లా తెలుస్తుంది? పైగా మొదటివాడు కూడా మగపిల్లాడే, వాడిది ఏమైనా మిగిలిపోయి ఉంటే?" అని. రెండూ ఎంత మంచి ప్రశ్నలో!

ఎక్స్, వై క్రోమోజోమ్‌ల పాఠం స్కూల్లో అందరూ చదివిందే, వదిలేస్తున్నా. ఒక్కటి గుర్తుంటే చాలు, తల్లి దగ్గర వై ఉండదు.

మాయ (ప్లాసెంటా) బిడ్డతో పాటే పెరుగుతుంది, దాని డీఎన్ఏ బిడ్డదే అనుకోవచ్చు. ఆ మాయలో కణాలు రోజూ చచ్చిపోతుంటాయి, వాటి డీఎన్ఏ ముక్కలై తల్లి రక్తంలో కలుస్తుంది. పదో వారానికి తల్లి ప్లాస్మాలో (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో) తిరిగే డీఎన్ఏ ముక్కల్లో సుమారు నూటికి పది ఈ మాయవే. ఇప్పుడు మీ ఇంటి బియ్యంలో పక్కింటి బియ్యం కొంచెం కలిసిందనుకోండి, రెండూ సోనా మసూరే, ఏది ఎవరిదో చెప్పలేం. కానీ పక్కింటి బియ్యంలో నల్ల నువ్వుగింజలు ఉంటే? మీ ఇంట్లో నువ్వులే లేవు కాబట్టి ఒక్క గింజ కనబడినా అది పక్కింటిదే. ఆ నువ్వుగింజే వై ముక్క.

ఎన్ని ఉంటాయో లెక్క వేద్దాం. మగ కణంలో మొత్తం డీఎన్ఏ సుమారు 600 కోట్ల అక్షరాలు (A, T, G, C అనే రసాయనాల వరుస), అందులో వై సుమారు 6 కోట్లు, అంటే నూటికి ఒకటి. బిడ్డ వాటా నూటికి పది. అంటే వెయ్యి ముక్కలు ఏరితే వై ముక్క ఒకటి, అంతే! అందుకే కొన్ని ల్యాబ్‌లు వై మీద ఒక్కసారే ఉండే ఎస్‌ఆర్‌వై జీన్‌తో సరిపెట్టుకోకుండా చాలా కాపీలు ఉండే డీవైఎస్14 అనే భాగాన్ని కూడా వెతుకుతాయి.

1997లో డెనిస్ లో (Dennis Lo) అనే శాస్త్రవేత్త బృందం దీన్ని మొదటిసారి చూపించింది. ఆయన ఇన్‌స్టంట్ నూడుల్స్ ఉడికించినట్టే ప్లాస్మాని ఐదు నిమిషాలు ఉడికించి చూశాడు, అంత సింపుల్. మగబిడ్డని మోస్తున్న 30 మందిలో 24 మంది ప్లాస్మాలో వై దొరికింది, ఆడబిడ్డని మోస్తున్న 13 మందిలో ఒక్కరికీ దొరకలేదు. నాకు ఆ 24 కంటే మిగిలిన ఆరుగురే ముఖ్యం. అక్కడ కడుపులో ఉంది అబ్బాయే, కానీ నువ్వుగింజ దొరకలేదు. దొరికితే అబ్బాయి అనడం తేలిక, దొరకలేదు కాబట్టి అమ్మాయి అనాలంటే ముందు మన గుప్పెట్లోకి పక్కింటి బియ్యం అసలు వచ్చిందో లేదో తేలాలి. దానికీ దారి ఉంది, పక్కింటి బియ్యంలో నూకలెక్కువ! తల్లి ముక్కలు ఎక్కువగా 166 అక్షరాల పొడవు, మాయవి 143 దగ్గర. పొట్టి ముక్కలు ఎన్నున్నాయో చూసి బిడ్డ వాటా అంచనా వెయ్యొచ్చు, మరీ తక్కువైతే రెండు వారాలాగి మళ్ళీ రక్తం తీస్తారు.

కవలలైతే నువ్వుగింజ ఏ పిల్లాడిదో తెలియదు, కనీసం ఒకడు మగ అని మాత్రమే తెలుస్తుంది. తల్లికి ఎప్పుడైనా మగవాళ్ళ కిడ్నీ పెట్టి ఉంటే నువ్వులు మూడో ఇంటి నుంచి వస్తాయి.

పొట్ట ముందుకొస్తే అబ్బాయి, పక్కలకి పెరిగితే అమ్మాయి అంటారు చూడండి, అది ఎందుకు చావదంటే కళ్ళు మూసుకుని చెప్పినా సగం మందికి నిజమవుతుంది, నిజమైన సగమే ఊళ్ళో చెప్పుకుంటారు.

మన దేశంలో ఇదే రక్తపరీక్ష డౌన్ సిండ్రోమ్ కోసం చేస్తారు కానీ బిడ్డ ఆడా మగా చెప్పరు. 1994 చట్టం ప్రకారం చెప్పిన డాక్టర్‌కి మూడేళ్ళ దాకా జైలు, చెప్పమన్నవాళ్ళకీ శిక్షే, గర్భిణిని మాత్రం భర్తో బంధువులో బలవంతపెట్టారనే చట్టం మొదట అనుకుంటుంది. ఇది చాలా న్యాయమైన ఆలోచన అని నా నమ్మకం. దేశంలో ఆరేళ్ళలోపు వెయ్యి మంది మగపిల్లలకి 2001లో 927 మంది ఆడపిల్లలు ఉంటే 2011కి 920 కూడా లేరు, పదేళ్ళలో ఇంకా తగ్గారు. ఇంత అందమైన సైన్స్‌ని ఆడపిల్లల్ని కడుపులోనే వదిలించుకునే పనికి వాడటం చూస్తే కడుపు మండిపోతుంది.

ఇక అక్క రెండో ప్రశ్న. మొదటివాడి డీఎన్ఏ ముక్కలు మిగలవు, కాన్పు అయ్యాక సగటున పావుగంటకి సగం చొప్పున తగ్గిపోతాయి, ఒకట్రెండు రోజుల్లో ఖాళీ. కానీ అక్క మరీ తప్పేం అనలేదు, ముక్కలు పోయినా వాడి కణాలు పూర్తిగా పోవు! 1996లో డయానా బియాంకి అనే శాస్త్రవేత్త బృందం కొడుకు పుట్టిన 27 ఏళ్ళ తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో మగ కణాలు చూసింది. అవి పరీక్షకి పెద్దగా అడ్డం రావు, ఎందుకంటే రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే కణాలన్నీ అడుక్కి పోతాయి, పైన తేరిన ప్లాస్మాలోనే నువ్వుగింజ కోసం వెతుకుతారు.